ఆరో పడక

“వంటమనిషిని వద్దనేశానమ్మా!” అన్నాడు కొడుకు, అదేదో శుభవార్త అయినట్టు.

భోజనాల బల్ల మీద పరచిన సముద్రపటంపై ఆమె వేలు ఉన్నచోటే ఆగిపోయింది. తెరచాప పడవలో విహారయాత్ర అది. వెచ్చని దీవుల మధ్యగా సాగుతూ, నాలుగు ప్రాచీన నగరాల రేవుల్లో ఆగుతుంది. ఆ నగరాలను ఎంపిక చేసింది ఆమే. చరిత్ర పంతులమ్మగా ఆ రేవుల కోటగోడలను నల్లబల్ల మీద సుద్దముక్కతో ఎన్నిసార్లు గీసిందో! “మీరు చూశారా టీచర్?” అని పిల్లలడిగిన ప్రతిసారీ నవ్వి ఊరుకునేది. ఉద్యోగం విరమించిన ఈ ఏడాదైనా కళ్ళారా చూడబోతున్నాననుకుంది...

“వద్దనడమేమిట్రా? మరి వంట?”

“పడవ నడిపే సరంగు గది పోను పడవలో ఆరే పడకలమ్మా. మనం ఐదుగురం. ఆరోది వంటమనిషికి అనుకున్నాం. ఇంతలో మా బావమరిది వస్తానన్నాడు. కాదంటే బాగుండదుగా! అయినా నువ్వున్నావు కదా!”

“రేవుల్లో పడవ ఆగినప్పుడైనా...”

“ఆగినప్పుడే కదమ్మా వంటకు వీలు! నడిసముద్రంలో పొయ్యి ఊగుతుందట. మేం ఊరు చూసొచ్చేసరికి నువ్వు వేడివేడిగా...”

ఆమె నిర్ఘాంతపోయింది! కొడుకు మాటల్లో ఎక్కడా దురుద్దేశం లేదు. ఆమెను నిలువునా కోసింది అదే. బావమరిదికి చోటు కావలసివచ్చింది. అందుకు వంటమనిషి తప్పుకోవలసివచ్చింది. ఆ ఖాళీలో తాను నిలబడవలసివచ్చింది. ఒక్కొక్క మెట్టూ సహేతుకమే. చివరి మెట్టు మీద మాత్రం ఆమె ఒక్కతే మిగిలింది, చేతిలో గరిటెతో!

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే భర్త, తుడుస్తున్న అద్దం మీదినుంచి చూపు తిప్పకుండానే అన్నాడు: “ఆ పాత రాళ్ళు నీకు కొత్తేమిటి? పుస్తకాల్లో చూసినవేగా!”

“అదేంటి మావయ్యా! అత్తయ్య చూడాలనేగా ఈ ప్రయాణం!” కోడలు కుర్చీలోంచి లేచింది. “ఏమండీ, మా తమ్ముణ్ణి రావద్దంటాను. వాడొచ్చినా సరే, ఊళ్ళో దిగినప్పుడు అందరం హోటల్లో తిందాం.”

“నానమ్మకి బయటి తిండి పడదు కదా!” అన్నాడు కొడుకు.

అంతే... కోడలు మళ్ళీ కుర్చీలో కూలబడింది. ఆ ఇంట్లో ఆ మాటకు ఎదురులేదు. కాపురానికొచ్చిన కొత్తలో పంతులమ్మ విన్న మొదటి సంగతి అది. ఆ మాట వల్లనే బడిపిల్లలతో ఏ విహారయాత్రకూ వెళ్ళలేదు. సొంత చెల్లెలి పెళ్ళి నుంచి తలంబ్రాలు పడీపడగానే తిరిగొచ్చింది. పొరుగూరిలో ప్రధానోపాధ్యాయిని పదవి వస్తే కన్నీళ్ళు దిగమింగుకుని వదులుకుంది. మనుషులతోనైతే వాదించవచ్చు, పెద్దావిడ జబ్బుతో ఎవరు వాదిస్తారు?

“ఎవరు చెప్పార్రా నాకు పడదని?”

అందరూ ఉలిక్కిపడ్డారు! కిటికీ పక్క కూర్చున్న అత్తగారి గొంతు అది.

“నువ్వే కదా నానమ్మా ఎప్పుడూ అంటావు!”

“అంటాను. తింటేగా తెలిసేది! బుద్ధెరిగాక బయట మెతుకు ముట్టలేదు. మా అత్తగారు తనకు పడదని నాతో అనేది... నేను నా కోడలితో అన్నాను.”

పంతులమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు. “అత్తయ్యగారూ... ముప్పై ఏళ్ళు! ఒక్క ముద్దయినా తిని చూడకుండా... ముప్పై ఏళ్ళు!”

“నువ్వు గడప దాటితే ఈ ఇంట్లో నన్ను పలకరించేదెవరమ్మాయ్?” అంది ముసలామె. “వాడు దుకాణానికి, వీడు బడికి... పడదంటే నువ్వు సాయంత్రానికల్లా ఇంటికొచ్చేదానివి. అందుకని అన్నాను. అనగా అనగా నాకే నిజమైపోయింది!”

అరవాలనిపించింది ఆమెకు. గబగబా వంటగదిలోకి నడిచింది. అలవాటు ప్రకారం వంటకే వెళ్ళిందనుకున్నారంతా. పొయ్యి ఆపిన చప్పుడు వినిపించింది. చేతిసంచీతో బయటికి వచ్చింది.

“లేవండి అత్తయ్యగారూ, చెప్పులేసుకోండి. వీధి చివర హోటలుకి వెళ్దాం.”

“మరి మా భోజనం?” అన్నాడు భర్త, బిత్తరపోయి.

“ఇక్కడ పొయ్యి ఊగడం లేదుగా! వండుకోండి.”

హోటల్లో వడ్డించిన పళ్ళెం ముందు ముసలామె చేయి చాలాసేపు కదలలేదు. మొదటి ముద్ద పరీక్ష రాస్తున్నట్టు నమిలింది. రెండో ముద్ద... మూడోది... పంతులమ్మ కన్నార్పకుండా చూస్తోంది. తన మనసులో మెదిలిన కోరిక తెలిసి తానే హడలిపోయింది: ఈ తిండి ఈవిడకు పడకూడదు! పడకపోతే, పోయిన ఆ ఏళ్ళకు ఒక కారణమైనా మిగులుతుంది...

పళ్ళెం ఖాళీ అయింది. టీ వచ్చింది, చల్లారింది. పక్క బల్లల దగ్గర మనుషులు మారారు. అయినా వాళ్ళిద్దరూ కూర్చునే ఉన్నారు.

“నాకేమీ కాలేదమ్మాయ్...” అంది అత్తగారు, తల ఎత్తకుండా.

ఇంటిదగ్గర రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది! అంతమంది మధ్య, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ముసలామె ఓదార్చలేదు, ఓదార్చే అర్హత తనకు లేదని తెలిసినట్టు, మంచినీళ్ళ గ్లాసు మెల్లగా కోడలి వైపు జరిపింది.

“ఆ కోట మెట్లు నేనెక్కలేను. నన్ను కింద ఎక్కడో కూర్చోబెట్టేయ్. నువ్వు పైకెళ్ళి తనివితీరా చూసిరా...” ఆగి, కళ్ళు తుడుచుకుంది. “నాకోసం తొందరపడి దిగొచ్చెయ్యకు!”