కొంగున కట్టిన ఫ్యూజు

సాయంత్రం ఆరున్నర. సన్నగా తుంపర. ఏర్పేడు దాటినాక మామిడితోట వెనక రేకుల షెడ్డు కనబడగానే ఆటో ఆగిపోయింది.

"ఇంక ముందుకు రానమ్మా. ఆ షెడ్డు సంగతి మీకు తెలీదా?"

మునెమ్మకు తెలీకపోవడమేమిటి? రెండేళ్ల కిందట ఆమె మొగుడు పరంధామయ్య పోయింది అందులోనే.

చెక్క మీద బొమ్మలు చెక్కే మిషను ఉందక్కడ. కంప్యూటర్‌లో గీసి ఇస్తే చాలు, దాని కట్టరు గిర్రున తిరుగుతూ తలుపుల మీద లతలూ దేవుళ్లనూ చెక్కుతుంది. ఆ షెడ్డులో మునుపు అద్దెకున్న మనిషి దగ్గర పరంధామయ్య దాన్ని కొన్నాడు. పదకొండో రోజు వంగి కట్టరు మారుస్తుంటే... అది తిరిగింది. మెడలోని తువ్వాలును చుట్టేసుకుంది.

ఊళ్లో చెప్పుకునేది ఆ చావు గురించి కాదు. ఫ్యూజు గురించి.

పరంధామయ్య ఏ స్విచ్చునూ నమ్మడు. ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాకే మిషను మీద చెయ్యి పెడతాడు. ఆ రోజూ అంతే. శవాన్ని తీసినప్పుడు ఫ్యూజు చొక్కా జేబులోనే ఉంది.

మరి కరెంటు లేని మిషను ఎట్లా తిరిగింది?

షెడ్డుకు తాళం పడింది. అయినా కొన్ని రాత్రులు లోపలి నుంచి సన్నటి రొద వినబడేది... "పరంధామయ్య ఇంకా పని చేసుకుంటా ఉండాడు" అని, ఆ దారిన పోయేవాళ్లు అడుగులు తొందర చేసేవాళ్లు.

"నాయన మనకు మిగిల్చింది అదొక్కటే" అంది పోయిన నెల కూతురు లోహిత. డిప్లొమా చదివి పగలు కంపెనీలో పని చేస్తోంది. "మిషను బాగుండాది. దాన్ని నడిపే సర్క్యూట్ కార్డే పాతబడింది. కొత్తది వేస్తా."

నెల రోజులు వద్దన్న మునెమ్మ, చివరికి ఒక్క మాటే అంది. "నేనూ వస్తా."

ఆ ఫ్యూజు ఆమె కొంగు ముడిలోనే ఉంది. పని అయ్యేదాకా విప్పనని ముందే చెప్పింది.

ఆటో దిగి నడిచిపోయి తాళం తీశారు. లోపల సాలెగూళ్లు, రంపపు పొడి వాసన. లోహిత తమ్ముడు బాలచంద్ర టార్చి పట్టుకున్నాడు.

"అక్కా, దెయ్యానికీ కరెంటు బిల్లు వస్తాదా?"

"వస్తే నీ పేరున రాయిస్తాలే. సక్కగా పట్టు."

టెస్టరు పెట్టి చూసింది లోహిత. వెలగలేదు. పాత కార్డు ఊడదీసి అమ్మ చేతికిచ్చింది. కొత్తది బిగించింది. సన్నటి తీగలను రంగు చూసుకుంటూ ఒక్కొక్కటే కలిపింది. ఆఖరి తీగను కట్టరు వెనక నుంచి లాగాలి...

చెయ్యి లోపలికి పెట్టింది.

అప్పుడే బయట నీళ్ల చప్పుడు. తుంపర కాదు - పొలంలో బోరు పైపు కక్కుతోంది.

గోడ మీద, మిషను వేగం చూపే పెట్టెలో ఎర్రగా నాలుగు సున్నాలు వెలిగాయి.

మునెమ్మ కొంగు తడుముకుంది. ఫ్యూజు ఉంది. గట్టిగా, చల్లగా... ఉంది.

కూతురి జడ పట్టుకుని వెనక్కి గుంజింది. ఇద్దరూ నేల మీద పడ్డారు.

కట్టరు తిరగడం మొదలుపెట్టింది.

"నాయనా..." అన్నాడు బాలచంద్ర మెల్లగా.

లోహిత లేవలేదు. పడినచోటి నుంచే మిషను తీగ వెంబడి చూపు పోనిచ్చింది.

"టార్చి ఆడ కొట్టు. ఆ గోనెపట్టా కింద."

పట్టా తీస్తే చిన్న పెట్టె. అందులోంచి నల్లటి తీగ ఒకటి గోడ కిందుగా బయటికి... బోరు వైపు.

రొద విని షెడ్డు సొంతదారు కుప్పుస్వామి గొడుగుతో వచ్చాడు. పొలమూ బోరూ ఆయనవే. గడప దాటలేదు.

"ఈ తీగ ఏంది పెదనాయనా?"

"మీకు ముందున్నోడు ఏసుకున్నాడు. షెడ్డులో కరెంటు పోతే నా మోటరు కరెంటు అందుకుంటాదని. పోయేటప్పుడు తీసేసినా అన్నాడు... నమ్మినా."

"నువ్వు సూడలేదా?"

"మీ నాయన పోయినాక ఈడ కాలు పెట్టాలంటే భయమేసింది, పాపా."

"అంటే... నాయన ఫ్యూజు పీకినాక, బోరుకు కరెంటు రాగానే ఈ తీగలోంచి..." అంది లోహిత.

దెయ్యం లేదని తేలింది. మునెమ్మకు ఊరట కలగలేదు. దెయ్యమే అయ్యుంటే బాగుండేదనిపించింది.

బాలచంద్ర బోరు దగ్గరికి పోయి మోటరు ఆపి, ఆ తీగను తెంపేసి వచ్చాడు.

తిరుపతిలో ఇల్లు చేరేసరికి తొమ్మిదయింది. వాన నిలిచిపోయింది. గడపలోనే పిల్లలిద్దరినీ నిలబెట్టి, తడి చేతులు పట్టుకుని మునెమ్మ లెక్కపెట్టింది. లోహిత. బాలచంద్ర. ఇరవై వేళ్లు.

ఆ తర్వాత కొంగు ముడి విప్పింది. రెండేళ్ల కిందట ఆ షెడ్డు నుంచి ఇంటికి క్షేమంగా వచ్చింది ఆ ఫ్యూజు ఒక్కటే.