బావాబావమరుదుల తొలి ఫోర్క్‌లిఫ్ట్

"మా ఆయన పోలీసుల్ని పిలిచేలోపు మీరు రావాలి," అంటూ వచ్చినావిడ కుర్చీ అంచున కూర్చుంది. "నా తమ్ముణ్ణే దొంగంటున్నారు. రేపటి పొత్తు చెడితే, వాళ్లిద్దరూ ఈ జన్మలో మళ్లీ మాట్లాడుకోరు."

డిటెక్టివ్ వెంటనే చెప్పులేసుకుంది. ఆమె ఆడపడుచు కూడా లేచింది. వదిన పక్కన సహాయకురాలిగా తిరగడం ఆ పిల్లకి మహా గొప్ప.

ఒకప్పుడు వచ్చినావిడ భర్తా, ఆవిడ తమ్ముడూ ఒకే రేకుల షెడ్డులో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్టులు తయారుచేసేవారు. తర్వాత విడిపోయి, ఒకరు ధర తగ్గిస్తే మరొకరు ఇంకాస్త తగ్గిస్తూ ఇద్దరూ చిక్కిపోయారు. పెద్ద కంపెనీలు వచ్చిపడ్డాక ఇద్దరికీ బుద్ధొచ్చింది. రేపు మళ్లీ కలవబోతున్నారు. పాత షెడ్డులో ఉన్న తొలి బండిని భర్త స్వయంగా నడుపుకుంటూ రావాలి. ఆ బండే మాయమైంది.

షెడ్డులో ఇంకా పాత గ్రీజు వాసన. గుమ్మం స్తంభానికి కొత్త గీరుడు, దానికి అంటిన బండి పసుపు రంగు.

"మొదటి రోజు నడిపింది నేనే!" అన్నాడు భర్త.

"మలుపులో ఎలా తిప్పేవారు?" అడిగింది డిటెక్టివ్.

"కారులాగే. ముందుభాగం దాటితే వెనకది దాని వెంటే వస్తుంది."

తమ్ముణ్ణి విడిగా అడిగితే నవ్వాడు. "తిరిగేవి వెనక చక్రాలండీ. తోక పక్కకి విసురుతుంది. మెడ నొప్పెట్టేలా వెనక్కే చూసేవాణ్ణి."

డిటెక్టివ్ అందరినీ షెడ్డులోకి పిలిచింది.

"ముందున్న ఫోర్కులు గుమ్మం దాటాయి, తోక స్తంభానికి కొట్టుకుంది. అంటే తీసినవారు కారు తోలినట్టు తోలారు. అలా తోలేవారు ఎక్కువ దూరం పోలేరు. బండి పక్కనున్న రంగులేసే గదిలోనే ఉంటుంది. దాని తాళం మీ దగ్గరే ఉంది కదండీ?"

భర్త తల దించుకున్నాడు. "జనం ముందు నడపమన్నారు. నాకు నడపడం ఎప్పుడూ సరిగ్గా రాలేదు. ఎవరు తీశారని అడిగితే నోటికి వీడి పేరే వచ్చింది."

"ఇన్నేళ్లూ నాక్కూడా కోతలేనా!" అంది భార్య.

"నాకు తెలుసక్కా," అన్నాడు తమ్ముడు. "బావ బండి నమూనా గీసేవాడు, నేను తోలేవాణ్ణి. ఫొటోకి మాత్రం సీటు బావకిచ్చేవాణ్ణి. మంచి చొక్కా ఆయనకే ఉండేది."



"రేపు నువ్వే తోలరా," అన్నాడు భర్త. "నేను పక్కన నిలబడతా."

"నిలబడే చోటెక్కడ గీశావు బావా? ఒక్క సీటేగా!"

"అయితే ముందు నడుస్తా."

"నడు. కాస్త దూరంగా నడు. నేను తోలీ చాలా కాలమైంది."