చెవిమిషను బిళ్ళ

తోటపల్లి గూడూరులో బాజీ స్టూడియో తెలీనోడు లేడు. ఎవుడన్నా ఉంటే బాజీనే వాళ్ళింటికి పోయి చెప్పొస్తాడు. ఫోన్లు వచ్చినాక స్టూడియోలన్నీ జిరాక్సు అంగళ్ళు అయిపోయినాయి. మనోడు మాత్రం వాళ్ళ నాయన షఫీ సాయిబు వాడిన రీలు కెమెరాని పెళ్ళికొడుకు దండ మాదిరి మెళ్ళో ఏసుకోని తిరగతాంటాడు. "దీంట్లో తీస్తే యముడు కూడా నవ్వుమొగం పెడతాడబ్బయా" అంటాడు. సరే, యముడి దాకా మనకెందుకు. కెమెరా సంగతి చెప్తా.

దాన్ని కంటికి పెట్టుకుంటే లోపల ఎలుతురు కొలిచే ముల్లు ఒకటి కనపడతాది. ఆ ముల్లు ఆడాలంటే అడుగున బిళ్ళ బ్యాటరీ పెట్టాల. ఆ రకం బిళ్ళల్లో పాదరసం ఉందని వాటిని చెయ్యడం ఎప్పుడో ఆపేసినారు. వాచీ బిళ్ళ ఏస్తే కరెంటు ఎక్కువై ముల్లు అబద్ధం చెప్తాది, ఫోటో మాడిపోతాది. సరిగ్గా ఒప్పేది చెవిటోళ్ళ చెవిమిషను బిళ్ళ ఒక్కటే. దాని మీద స్టిక్కరు పీకితే చాలు, గాలి పీల్చుకోని బతుకుతాది. చుట్టూ కుళాయి వాచరు తొడిగితే కదలకుండా కూర్చుంటాది. షఫీ సాయిబుకి ఈ తిప్పలే లేవు, మబ్బు వైపు ఒకసారి చూసి తీసేసేవాడు. కొడుక్కి ముల్లు లేకపోతే పగలో రాత్రో తెలీదు. ఈ ఒక్క ముక్క మాత్రం ఎవురికీ చెప్పుకోడు.

మొన్న తుపాను పట్టినప్పుడు సముద్రం ఒడ్డు పాలెంలో చిన్నపోలయ్య పోయినాడు. జీవితమంతా బోటింజను పక్కన కూర్చోని చెవులు పోగొట్టుకున్న ముసిలాయన. కొడుకు నరసయ్య ఫోను చేసినాడు.

"బాజీ అన్నా, మా అమ్మానాయన పెళ్ళి ఫోటో మీ నాయన తీసిందే గదా. ఆఖరు ఫోటో కూడా ఆ కెమెరాతోనే తియ్యాలంట. అమ్మ ఒకటే పట్టు."

"నేనుండంగా నీకేం దిగులురా! వస్తాండా."

ఫోను పెట్టేసి ముల్లు చూసినాడు. చచ్చి పడుండాది. మందులంగడికి పరిగెత్తినాడు. "చెవిబిళ్ళలు నెల్లూర్లోనే దొరకతాయి సాయిబూ" అన్నారు. నెల్లూరు రోడ్డు మీద నడుం లోతు నీళ్ళు. బిళ్ళ లేకుండానే పాలేనికి బయలుదేరినాడు, మీసం మెలేసుకుంటా.

మధ్యాన్నమే గానీ ఆకాశం కాటిక పూసినట్టు ఉండాది. పాలెమంతా తడిసిన వలల వాసన, సాంబ్రాణి వాసన. చిన్నపోలయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా ఛాతీకి తువ్వాలు కట్టి, దండేసినారు. పక్కన ఆయన పెండ్లాం, ముసిలామె మాలకొండమ్మ. పోయినాయన చెవిలో మిషను కీ... అని సన్నంగా కూస్తాంది.

"అదెందుకవ్వా చెవిలో?" అన్నాడు బాజీ.

"దింపుడుకళ్ళెం కాడ పాడె దించి, చెవిలో మూడుసార్లు పిలుస్తారు గదయ్యా. ఆ పిలుపుకి పానం తిరిగొచ్చినోళ్ళు ఉండారు మా పాలెంలో. ఈయనకి మిషను లేకపోతే ఉరుము కూడా వినపడదు. పొద్దున్నే కొత్త బిళ్ళ ఏసినా."

"పోయినోడికి మిషనేందమ్మా, నలుగురూ నవ్వతారు" అన్నాడు నరసయ్య.

"నువ్వు పిలవరా సాలు. ఇనేది ఆయన సూసుకుంటాడు."

కొత్త బిళ్ళ! బాజీ కండ్లు ఎండుచేపల గంప చూసిన పిల్లి కండ్లయినాయి. "తలకాయ వాలింది, సర్దతానుండు" అని శవం మీదకి వంగినాడు. మిషను మూత గోటితో లేపి బిళ్ళ ఊడబీకినాడు. చెవి మంచుముక్క మాదిరి ఉండాది. బిళ్ళ మాత్రం ఎచ్చంగా ఉండాది.

కూత ఆగిపోయింది.

"ఏందయ్యా, కూయడం లేదే?"

"ఇందాక వదులుగా ఉండాదవ్వా. ఇప్పుడు బిగించినా గదా."

"నీ చెయ్యి సల్లంగుండ" అనింది ముసిల్ది.

పక్కకి పోయి బిళ్ళకి వాచరు తొడిగి కెమెరాలో పెట్టినాడు. ముల్లు టక్కున లేచింది. ముసిలామెని మొగుడి పక్కన నిలబెట్టి, ముసిలాయన గడ్డం ఎత్తి, దర్జాగా తీసినాడు ఫోటో. పనైపోయినాక బిళ్ళ మళ్ళీ చెవిలో పెడదామనే అనుకున్నాడు పాపం. అంతలో "వాన పెద్దదైతాంది, లేపండి" అని ముసిలాయన్ని పాడె మీద పడుకోబెట్టి ఎత్తేసినారు. ఆడోళ్ళు ఇంటికాడే నిలబడిపోయినారు. బాజీ కెమెరా పట్టుకోని ఎనకాల నడిచినాడు.

సరుగుడు తోపు కాడ పాడె దించినారు. సముద్రం రంకెలేస్తాంది. నరసయ్య మోకాళ్ళ మీద కూర్చోని నాయన చెవి కాడ నోరు పెట్టినాడు.

బాజీ కెమెరా కంటికి పెట్టుకున్నాడు. అంతా నలుపు. వానకి పెట్టిన కెమెరా కంటి మూత తియ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది. అంచున సన్నంగా కనపడే ముల్లు, ఎలుతురు లేదు గనక, అడుగున పడుండాది.

"నాయనా..."

ముల్లు ఎగిరింది.

బాజీ మూత తడివి చూసినాడు. మూత మూతగానే ఉండాది.

"నాయనా..."

మళ్ళీ ఎగిరింది. ఉరుము ఉరిమితే కదల్లేదు. సముద్రానికి కదల్లేదు. పిలుపుకే కదిలింది.

"నాయనా..."

ముల్లు పైకి లేచి... అట్టనే నిలబడింది. వణకతాంది. అందరూ వంగి శవం మొగం చూస్తాండారు. ఎవురూ పిలవకుండానే ముల్లు దానంతట అదే కొట్టుకునింది. ఒకసారి... ఇంకోసారి... ఇంకోసారి...

పలకతాండాడు.

ఇనిపించింది ఆయనకి. పలకతాండాడు. కానీ యాడనుంచి పలకతాండాడు?

బాజీ చెయ్యి కెమెరా అడుగుకి పోయింది. బిళ్ళ తీసి చెవిలో పెట్టేస్తే... రూపాయి బిళ్ళతో అడుగు మూత తిప్పినాడు. వాన తడికి రూపాయి జారి ఇసకలో పడింది. గోటితో తిప్పినాడు. గోరు ఇరిగింది.

"ఏందన్నా, ఏమన్నా కదిలినట్టుండాదా?" నరసయ్య చిన్నంగా అడిగినాడు. కొడుకు కండ్లల్లో ఆశ ఇంకా చావలా.

ఒక్క మాట. ఆ మాట చెప్తే, "ఎట్ట తెలుసు నీకు?" అంటారు. శవం చెవిలో దొంగతనం చేసినాడని తెలిస్తే పాలెపోళ్ళు ఎముకలు ఏరి వలలో కడతారు.

"లేదబ్బయా" అన్నాడు బాజీ. "ఏం కదల్లేదు."

ఎత్తినారు. గుంతలో దించినారు.

చూడకుండా ఉండలేక మళ్ళీ కంటికి పెట్టుకున్నాడు. పార ఇసక పడినప్పుడల్లా ముల్లు ఎగరతాంది. పార... ముల్లు. పార... ముల్లు. తరవాత పారకీ పారకీ మధ్యలో కూడా ఎగరతాంది. గబగబా. ఇంకా గబగబా. గుంత పూడ్చి, పైన కాళ్ళతో తొక్కి, అందరూ తిరిగి పోతాంటే గూడా... ఆగలా.

పాలెంలో మాలకొండమ్మ వానలోనే ఎదురొచ్చింది. "పిలిచినారా అయ్యా? పలికినాడా?"

"పలకలేదవ్వా."

"వినపడుంటే పలికేవాడే" అనింది.

దోవలో పళ్ళతో కొరికి కెమెరా అడుగు మూత తీసి, బిళ్ళని రొయ్యలగుంటలోకి ఇసిరేసి ఇంటికొచ్చినాడు. మనోడి మొగం మీద మీసం ఉండాది గానీ మెలెయ్యడానికి చెయ్యి రాలా. కరెంటు లేదు. కొవ్వొత్తి కాడ పెండ్లాం ఖుర్షీదా బియ్యంలో రాళ్ళు ఏరతాంది. ఆమె ఆ పాలెం మొగమే చూసిందిగాదు, చిన్నపోలయ్య ఎవురో ఆమెకి తెలీదు. బాజీ గూడా ఏం చెప్పలా. కెమెరాని దిండు కింద దోపి, ఆ దిండు మీద కూర్చున్నాడు.

బయట వాన తప్ప ఏ చప్పుడూ లేదు.

ఉన్నట్టుండి ఖుర్షీదా తల ఎత్తింది. "ఆఁ... వస్తాండా" అనింది.

"ఎవురే పిలిచింది?"

"నీకు ఇనపడలా? మూడుసార్లు పిలిచినాడే!"

లేచి పోయి గడియ తీసింది.

"తియ్యొద్దే..." బాజీ దిండుని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

వాకిట్లో బాజీకి ఎవురూ కనపడలా. ఖుర్షీదా మాత్రం పక్కకి జరిగి దోవ ఇచ్చింది. "రా పెద్దాయనా, ఒళ్ళంతా ఇసకేంది?" అనింది. తరవాత గొంతు పెంచి, చెవిటోళ్ళతో మాట్లాడినట్టు అరిచింది. "ఇదిగో... ఇంట్లోనే ఉండాడు!"

కొవ్వొత్తి మంట ఒకపక్కకి వాలింది.

ఖుర్షీదా మొగుడి వైపు తిరిగింది. గొంతు తగ్గించింది.

"ఏందయ్యా... ఆయన నీ చెవి వైపే చూస్తాండాడు?"