తాత కోపం

ఆ ఆదివారం ఉదయం ఉగ్గానిలో ఉప్పు తక్కువైందని పళ్ళెం విసిరింది శుభాకర్ కాదు, అతని ఏడేళ్ళ కూతురు జీవిత. బొరుగులు బండల నిండా చెల్లాచెదురయ్యాయి.

నాయనమ్మ కరుణమ్మ మురిసిపోయింది. "సూడు, అచ్చం మీ తాత పోలికే! ఆయన కోపం నా కొడుక్కొచ్చె, ఇప్పుడీ పాపకొచ్చె. రగతంలో ఉండేదానికి మనమేం జేస్తాం?" అంటూ చీపురు అందుకుంది.

ప్రొద్దుటూరులోని ఆ ఇంట్లో ఇది రెండు తరాల ఆనవాయితీ. మగవాళ్ళు విసరాలి, ఆడవాళ్ళు ఊడ్వాలి, నింద రక్తం మోయాలి. పాపం, అదెన్నడూ కాదనలేదు.

ఈసారి కోడలు రజిని ఆ చీపురు లాక్కుంది. "వద్దత్తా! దీన్ని పెండ్లి చేసుకునేటోనికి గూడా రేపు రగతమనే చెప్తామా? నేను బిడ్డను తీసుకోని జమ్మలమడుగుకు మాయమ్మోళ్ళింటికి పోతాండా. ఈడుంటే ఇదిట్లే తయారైతాది."

"ఏంది నీ పంచాయితీ?" శుభాకర్ విసుక్కున్నాడు. "కావాలని చేస్తాండామా? కోపమొస్తే చెయ్యాగదు."

"ఆగదా మామా?" మొగుణ్ణి నిలదీసింది రజిని. "మొన్న ట్రాక్టర్ షెడ్డులో మీ మేనేజరు అందరి ముందర నిన్ను తిట్టె. నీ చేతిలో నట్లు బిగించే పానా ఉండె గదా, విసిరితివా? ఆడ ఆగిన చెయ్యి ఈడ ఎందుకాగదు?"

శుభాకర్‌కు ఆ రోజు గుర్తొచ్చింది. అక్కడ తల వంచుకుని "సరే సార్" అన్నదీ తనే, ఆ సాయంత్రం ఇంట్లో పళ్ళెం విసిరిందీ తనే. చాలా సిగ్గేసింది.

"నాయనా, నేనింగ ఎప్పుడూ ఇట్లనేనా?" జీవిత బిక్కమొహంతో అడిగింది.

ఆ మాటకు అతని ప్రాణం విలవిల్లాడింది. నేల మీద కూర్చుని బొరుగులు ఏరసాగాడు. "కాదు తల్లీ. ఎవురి ముందర విసరకూడదో నాకు తెలుసు. ఎవురి ముందర విసరచ్చో గూడా తెలుసు. తెలిసే చేస్తి. రా, ఇద్దరం ఏరుదాం."

జీవిత వచ్చి పక్కన కూర్చుంది.

"బస్సుకు పోతాండావా?" తలెత్తకుండానే భార్యను అడిగాడు.

"ముందు ఏరు. తర్వాత సూద్దాం," అంది రజిని. గొంతులో కోపం లేదు.

కరుణమ్మ గోడవారగా కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మీ నాయన విసిరి వీధిలోకి పోతే, తిరిగొచ్చేలోపల అంతా ఊడ్సి పెడ్తాంటి. ఒక్క దినమన్నా ఆయప్ప కంట పడనీలేదు. పడనిచ్చింటే, ఆయప్ప గూడా నీ మాదిరి కూచోని ఏరుండునేమో గదా నాయనా!"