తోడు మందు

"ఏం కలిపారండీ ఆ సూదిలో? సాయంత్రమవుతున్నా నా పేషెంట్ చెయ్యి లేవడం లేదు!"

ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గరే ఫిజియో అమ్మాయి నిలదీసింది. మత్తు డాక్టరు మాస్కు కిందికి లాగి నవ్వాడు.

"నరానికిచ్చే మత్తుమందులో తోడుగా ఇంకో మందు కలిపానండీ. నొప్పి రేపటిదాకా రాదు. పాపం, హాయిగా పడుకోనివ్వండి."

"మీరు పడుకోబెట్టండి, నేను లేపలేక చస్తాను!"

అలా మొదలైంది. రోజూ కీచులాటే. కీచులాట లేని రోజు ఇద్దరికీ కాఫీ కూడా చప్పగా ఉండేది. అతగాడికి అన్నిటి మీదా నోరు లేచేది గానీ, ఆమెతో పెళ్లి మాట దగ్గర మాత్రం నాలుక మడతపడేది.

ఓ వానరోజు ఆమె స్కూటర్ జారి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేయాలన్నారు.

"నాకు మాత్రం మీ తోడు మందు వద్దు. సాయంత్రానికి స్పర్శ వచ్చేయాలి."

"ఎందుకంత తొందర?"

"మీకెలాగూ మాట పెగలదు. సాయంత్రం వచ్చి ఈ చేతి వేళ్లే నొక్కండి, ఎక్సర్‌సైజు కూడా అవుతుంది. నేను తిరిగి నొక్కితే సరేనన్నట్టు. లేదంటే నోరు మూసుకుని వెళ్లిపోండి." అనేసి, సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

తీరా సూది పట్టుకుంటే అతని చెయ్యి వణికింది. తన సీనియర్ డాక్టరు మేడమ్‌ని బతిమాలి ఆ పని ఆవిడకి అప్పగించాడు. ఆవిడకి తోడు మందు కలిపే అలవాటు లేదు కదా అన్న ధీమాతో, వద్దన్న మాట చెప్పనే లేదు.

సాయంత్రం వెళ్లాడు. అడుగుల చప్పుడు విని ఆమె కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకుంది. బయట వాన. కట్టులోంచి కనబడుతున్న వేళ్లను నొక్కాడు. జవాబు లేదు. మళ్లీ నొక్కాడు. ఊహూఁ. పిల్లిలా బయటికి వచ్చేశాడు. చెయ్యి నయం కాగానే ఆమె వేరే ఆసుపత్రికి మారిపోయింది.

కొన్నేళ్లకు తన తల్లి భుజానికి ఆపరేషనని ఆమె మళ్లీ ఈ ఆసుపత్రికి వచ్చింది. వరండాలో ఆమె భర్త అత్తగారి సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె మందుల గదిలో ఉన్న మత్తు డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"అమ్మకి తోడు మందు కలపండి. వద్దన్న నాకే కలిపారుగా!"

"నేనా? నేను కలపలేదే."

"మర్నాటిదాకా చెయ్యి మొద్దుబారే ఉంది. అడగడం ఇష్టంలేక అలా తప్పించుకున్నారనుకున్నాను. వచ్చి, ఊరికే నిలబడి వెళ్లిపోయారుగా."

"నొక్కానండీ. రెండుసార్లు."

మందుల ట్రే దగ్గరున్న మేడమ్ తలెత్తింది. "అది నేనే కలిపానయ్యా. మన పిల్ల కదా, నొప్పి పడకూడదని..." ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయింది.

"నోరు విప్పి ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"  ఆమె తొలిసారి అతన్ని 'నువ్వు' అంది. "నేను మాత్రం అడిగానా! పంతం."

చెయ్యి ముందుకు చాపింది. అతను వేళ్లు నొక్కాడు. ఆమె గట్టిగా తిరిగి నొక్కింది.

"ఆ రోజైనా ఇదే జవాబు."

"అత్తయ్యని లోపలికి తీసుకెళ్తారట!" వరండాలోంచి భర్త పిలిచాడు.

"వస్తున్నా." కళ్లు తుడుచుకుని తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "అమ్మకి నొప్పి తెలియకూడదు, డాక్టరుగారూ."

"తెలియనివ్వను."

అతను సిరంజిలోకి తోడు మందు తీసుకున్నాడు. ఈసారి చెయ్యి వణకలేదు. వేళ్లకు మాత్రం ఆ నొక్కు ఇంకా తెలుస్తూనే ఉంది.