కాకెంగిలి తాండ్ర

ఉదయం ఏడయ్యేసరికి గుమ్మడవలసలో రుచిపేటికలన్నీ ఒక్కసారే టంగుమన్నాయి. ఎవరి పేటిక వాళ్ళది, ఎవరి ఫలహారం వాళ్ళది. రాములమ్మ ఇంట్లో నలుగురు మనుషులకి నాలుగు పేటికలు. పెద్దకొడుకుకి పెసరట్టు, చిన్నకొడుక్కి ఏదో సముద్రాల అవతలి తీపి, మొగుడు అప్పలసూరికి ఉప్పు లేని ఉప్మా, ఆమెకి మాత్రం పాతికేళ్ళుగా అదే ఇడ్లీ, అదే చట్నీ. పావుగంటలో నలుగురూ నాలుగు గోడలకేసి చూస్తూ తినేసి లేచిపోయారు. బాగుందని ఎవరూ అనలేదు, బాగోలేదనీ అనలేదు. బాగోకపోవడానికి వీలే లేనప్పుడు అనడానికి ఏముంటుంది?

గోడకి ఇవతల, రాములమ్మ తోడికోడలు బంగారమ్మ ఇంట్లోనూ పేటిక ఉంది. కానీ దానిమీద ఆవిడ జాకెట్లు ఆరేసుకుంటుంది. ఆ వేళకి ఆవిడ పెరట్లో మోకాళ్ళ మీద కూర్చుని, మామిడిరసం గుడ్డలో వేసి పిండుతోంది. మొగుడు సూరినాయుడు పందిరి పక్కన ఎండలో తాటాకు చాపలు పరిచి, వాటిమీద నిన్న పూసిన పూత ఆరిందో లేదో వేలితో తడిమి చూస్తున్నాడు. రోజుకి ఒక పూత, నలభై రోజులకి నలభై పూతలు. అప్పుడు చాప ఎత్తితే బొటనవేలు మందాన తాండ్ర వస్తుంది.

పేటికని తిట్టిపోయడం న్యాయం కాదు. చెరువుల్లాంటి మళ్ళలో పెరిగే పిండిపైరు నుంచి మూలపిండి తీస్తారు. పేటిక ఆ పిండికి, రుచిలిపిలో రాసి ఉన్న ప్రకారం, వాసనా మెత్తదనమూ రుచీ పెట్టి చేతికిస్తుంది. తినేవాడి నాలుక ఎలాంటిదో కూడా దానికి తెలుసు. అది వచ్చాక ఆకలితో పడుకున్న మనిషి ఈ చుట్టుపక్కల లేడు, అది చిన్న సంగతి కాదు. చిక్కల్లా ఒక్కటే. ఒక వంటకానికి రుచిలిపి రాయడం పూర్తయితే ఇక దాన్ని పండించే నేల పిండిపైరుకి పోతుంది. పేటికలో దొరికేదానికి మళ్ళీ తోట దేనికని చట్టం. లిపికి అందని వంటకం అని తేలితే దానికి 'అలిఖితం' అని ముద్ర పడుతుంది, తోట నిలుస్తుంది. ముప్ఫయ్యేళ్ళలో అలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని తేలాయి.

బంగారమ్మ తోటలో నలభై రెండు చెట్లు. అన్నీ టెంక నుంచి మొలిచినవే, ఒకదాని కాయ ఇంకోదానికి పోలిక లేదు. నూతిపక్కది పులుపు, గోళీల చెట్టుది చిన్నకాయ, వాసన జాస్తి. కంపదగ్గరది నిండా పీచు, తేనె లాంటి తీపి. బంగారమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఏ చెట్టు ఎక్కడుందో తెలియక రోజంతా తిరిగి ఏడ్చింది. ఇప్పుడు కళ్ళు మూసుకుని కాయ వాసన చూసి చెట్టు పేరు చెబుతుంది. ఆ నలభై రెండూ వచ్చే వర్షాలకి ఉంటాయా ఉండవా అన్నది ఈ వేసవిలో తేలాలి.

తేల్చడానికి రుచి భాండాగారం నుంచి వచ్చిన అమ్మాయి పేరు శర్వాణి. ఊరూరా తిరిగి, చిన్న చిన్న కుటుంబాలు చేసే తిండ్లూ పానకాలూ వెతికి పట్టుకుని, వాటికి లిపి రాయడం ఆమె ఉద్యోగం. చేతిలో నాలికపలక అని ఒక యంత్రం, దానిమీద ముక్క పెడితే రుచి గీతలుగా కనిపిస్తుంది. మంచి పిల్ల, మాట నెమ్మది, చెప్పులు గుమ్మం బయటే విప్పింది. అందుకే బంగారమ్మకి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

పైగా ఇంటికొచ్చిన మనిషి. ఆ ఇంట్లో ఆనవాయితీ ఏమిటంటే, వచ్చినవాళ్ళకి చాప నడిమి ముక్క పెట్టాలి. నడుమ పూత సమంగా ఆరుతుంది, ముక్క అద్దంలా ఉంటుంది. అంచులు ఇంట్లోవాళ్ళు తింటారు. శర్వాణి ముక్కలు అడిగినప్పుడల్లా బంగారమ్మ ఉన్న చాపల్లోకెల్లా మంచి చాప ఏరి, నడిమి ముక్కలే కోసి విస్తరాకులో పెట్టి ఇచ్చింది. నాలికపలక మీద గీతలన్నీ ఒక్కలాగే పడ్డాయి. మూడోరోజుకి లిపి రాయడం అయిపోయింది.

లిపి నిజమో కాదో తేల్చడానికి రెండు పరీక్షలు. ఊళ్ళోవాళ్ళు పదిమంది పది తెరల వెనక విడివిడిగా కూర్చుంటారు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఒక పళ్ళెంలో అసలు తాండ్ర, ఒక పళ్ళెంలో పేటిక తాండ్ర. ఏది అసలో చెప్పాలి. మొదటి పరీక్షలోనూ బంగారమ్మ, పదిమంది ముందు పరువుపోకూడదని, అదే చాపలోని నడిమి ముక్కలు పది కోసింది. ఆ పదిమందిలో ఐదుగురు ఇటు చెప్పారు, ఐదుగురు అటు చెప్పారు. అందులో రాములమ్మ తప్పు చెప్పింది. అంతకంటే ఘోరం, సరదాకి తినిచూసిన సూరినాయుడు కూడా తప్పు చెప్పాడు.

శర్వాణి తల దించుకుని, రెండో పరీక్ష వారం తరవాత అని చెప్పి, చెప్పులు తొడుక్కుంది. రెండోదీ ఇలాగే అయితే తోట పోయినట్టేనని ఆమె చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది.

ఆ మధ్యాహ్నం బంగారమ్మ అన్నం వండలేదు. పందిరి కింద కూర్చుని ఎండలో చాపల్ని చూస్తూ ఉండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ పని ఒక పిండిముద్ద సరిగ్గా చేసి చూపించిందంటే ఎవరికి చెప్పుకుంటుంది? కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. సూరినాయుడు ఓదార్చడం తెలియని మనిషి. పూతలు నిండి ఎత్తిన చాప నుంచి అంచుముక్క ఒకటి కోసి, తువ్వాలు కొసలో చుట్టి, తువ్వాలు మీంచే పటుక్కున కొరికి, మిగతా సగం పెళ్ళానికి చాపాడు.

అది కాకెంగిలి. గుడ్డ అడ్డం పెట్టి కొరికితే ఎంగిలి కాదని చిన్నపిల్లలు చేసే పని. ఈ ఇంట్లో పెద్దలూ చేస్తారు, దానికి కారణం ఉంది. తాండ్రని చేత్తో తుంచితే పూతలు పొరలుగా ఊడి, పైవి ఒకరికి, కిందవి ఒకరికి వస్తాయి. పంటితో కొరికితేనే నలభై పూతలూ ఇద్దరికీ సమంగా వస్తాయి. అందుకని చాప ఎత్తిన రోజున ఎవరి ముక్క వాళ్ళే తినడం ఆ ఇంట్లో లేదు. సగం కొరుకు, సగం పక్కవాళ్ళకివ్వు.

"ఇది నూతిపక్క చెట్టు పూత గట్టిగా తగుల్తంది, సూడు" అన్నాడు సూరినాయుడు.

బంగారమ్మ ముక్కు ఎగబీలుస్తూనే నోట్లో వేసుకుంది. నూతిపక్క చెట్టు కాదంది. గోళీల చెట్టంది. ఆయన ఇంకో అంచు కోసి కొరికి ఇచ్చాడు. దీంట్లో తీపి, దాంట్లో వగరు. ఈ చాప మొదలెట్టిన వారం మబ్బు పట్టిందనీ, అందుకే కింది పూతలు ఆలస్యంగా ఆరాయనీ ఆయన, కాదు ఆ వారం కంపదగ్గర చెట్టు ముందు పండిందనీ ఆవిడ. వాదన ముదిరింది. ఏడుపు ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియదు.

ఉన్నట్టుండి బంగారమ్మ నోరు మూసి మొగుడి మొహంలోకి చూసింది.

"ఒలయ్యా, మనం ఆ పిల్లకి నడిమి ముక్కలే పెట్టినాం గదా. అన్నీ ఒకే చాపయి."

సూరినాయుడికి ఒక్క క్షణం పట్టింది. పట్టాక నెత్తిమీద చెయ్యి పెట్టుకుని అలాగే కూలబడ్డాడు. మర్యాద చేయబోయి తోట అప్పజెప్పబోయారు ఇద్దరూ.

సాయంత్రం బంగారమ్మ శర్వాణిని పిలిపించి, తినే తీరు ఇది కాదని, మా తాండ్ర ఒంటరిగా తెరచాటున కూర్చుని తినేది కాదని, పది చాపల నుంచి పది ముక్కలు ఇస్తాననీ చెప్పింది. కాకెంగిలి అన్న మాట శర్వాణి అంతకుముందు ఎప్పుడూ వినలేదు. రెండుసార్లు చెప్పించుకుంది. తరవాత తన దగ్గరున్న నియమాల పుస్తకం తిరగేసి, ఒకచోట వేలు పెట్టి చాలాసేపు చూసింది. వంటకాన్ని తయారీదారుల ఆనవాయితీ ప్రకారమే వడ్డించి తినిపించాలని అక్కడ రాసి ఉంది. ముప్ఫయ్యేళ్ళలో ఎవరూ దాన్ని అడగలేదు. తెరలే ఆనవాయితీ అనుకున్నారు అందరూ.

"పేటిక తాండ్రని కూడా అలాగే తినాలి మరి" అంది శర్వాణి.

"తిననీ పాపా. నాకు కావాల్సిందీ అదే."

వారం తిరిగింది. పందిరి కింద పదిమందీ తెరలు లేకుండా, ఎదురెదురుగా కూర్చున్నారు. రాములమ్మ, ఆమె మొగుడు అప్పలసూరి పక్కపక్కనే పడ్డారు. బళ్ళో పాఠాలు చెప్పి మానేసిన తవుడు మాస్టారు ఆ చివర. నలుగురి మధ్య కూర్చుని తినడం మరిచిపోయిన మనుషులు కదా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చూపులు నేలకేసి దించుకున్నారు. ముందు వచ్చే పళ్ళెం ఏదో వాళ్ళకి తెలియదు. బంగారమ్మ గుడ్డ ముక్కలు పంచి, ఎలా కొరకాలో చూపించింది. పక్కవాళ్ళకి ఇవ్వడం మరవొద్దంది. తరవాత పందిరి గుంజని పట్టుకుని నిలబడింది.

మొదటి పళ్ళెం. కొరికారు, పక్కకి ఇచ్చారు. పక్కవాళ్ళది తీసుకున్నారు. రుచి అమోఘం, ఎవరూ కాదనలేరు. ఇటు నుంచి వచ్చిందీ అదే, అటు నుంచి వచ్చిందీ అదే. రెండో మార్పిడికే చేతులు మందగించాయి. మూడోసారి ఎవరి ముక్క వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

రెండో పళ్ళెం వచ్చింది. రాములమ్మ తన ముక్క కొరికి, మొహం చిట్లించి, నములుతూ ఆగింది. పక్కన అప్పలసూరి చప్పరిస్తూ, తన ముక్కలో మామిడి జీడి వాసన తగులుతోందని ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"నాదాన్లో లేదే. ఏదీ, ఇటియ్యి."

రాములమ్మ మొగుడి చేతిలోంచి ముక్క లాక్కుని, పైటకొసలో చుట్టి కొరికింది. పాతికేళ్ళ తరవాత మొగుడి చేతి ముద్ద తినడం. అవునంది, జీడే అంది. తనది పుల్లగా ఉందంటూ అతని నోటి దగ్గర పెట్టింది. అతను కళ్ళు గట్టిగా మూసుకుని పళ్ళు జివ్వుమన్నాయన్నాడు. ఎదురువాళ్ళు నవ్వారు. తవుడు మాస్టారు లేచి వచ్చి, ఆ పులుపుముక్క తనకి కావాలని, బదులుగా తన తేనెముక్క ఇస్తానని బేరం పెట్టారు. ఎవరో ఇవ్వనన్నారు. ఎవరో ఆ చివరి నుంచి ఈ చివరికి ముక్క విసిరారు. అయిదు నిమిషాల్లో పందిరి కింద ఎవరి మాట ఎవరికీ వినబడకుండా పోయింది. ఏ పళ్ళెం అసలుదని అడగడానికి శర్వాణి మూడుసార్లు చేతులు చరిచింది. పదిమందికి పదిమందీ రెండోదే అన్నారు, అదీ నోట్లో తాండ్ర పెట్టుకునే.

బంగారమ్మ గుంజ వదిలి నేలమీద కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో సూరినాయుడు కూడా చెప్పలేకపోయాడు.

శర్వాణి తన పని తాను చేసుకోవాలి కదా. మిగిలిన ముక్కల్ని ఒక్కొక్కటే నాలికపలక మీద పెట్టి చూసింది, ఒక గీత ఇంకో గీతతో కలవలేదు. పది ముక్కలకీ పది లిపులు రాస్తే సరిపోదా అని అడిగింది. బంగారమ్మ తలకాయ అడ్డంగా ఊపింది.

"రేపటేడు పది ఇంకోలా ఉంటాయి పాపా. ఏ చెట్టు ముందు పండుతాదో, ఏ పూట మబ్బేస్తాదో నాకే తెలీదు. నీ పెట్టికేం తెలుస్తాది?"

శర్వాణి పుస్తకం తెరిచింది. అలిఖితం అని ముద్ర వేసి, కారణం రాయాల్సిన చోట కాసేపు ఆలోచించి, ఒక్కరు తింటే రాయవచ్చు, పంచుకు తింటే రాయలేకపోయాను అని రాసి సంతకం పెట్టింది. తరవాత బంగారమ్మ ఇచ్చిన ముక్కని చున్నీ అంచులో చుట్టి కొరికింది. మిగతా సగం చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ తన కంచంలోది పెట్టిన పిల్ల కాదు. చివరికి సూరినాయుడి ముందుకి చాపి, ఇది ఏ చెట్టో కాస్త చూసి చెప్పండి బాబాయ్ అంది. ఆయన కొరికి, కంపదగ్గర చెట్టని చెప్పాడు. బంగారమ్మ కాదంది.

మర్నాడు ఉదయం ఏడయ్యేసరికి గుమ్మడవలసలో రుచిపేటికలన్నీ మామూలుగానే టంగుమన్నాయి. బంగారమ్మ పెరట్లో రసం పిండుతోంది, ఎండలో ఉన్న చాపలకి ఇంకా పన్నెండు పూతలు పడాలి. గోడకి అవతల కంచాలు జరిగిన చప్పుడైంది. నలుగురూ ఒకచోట చేరినట్టున్నారు. ఏదీ నీది చూపించమని రాములమ్మ గొంతు వినిపించింది. 

"ఇదేటయ్యా, ఉప్పు లేదు. ఇన్నేళ్ళూ ఇదే తింటన్నావా?"

పాతికేళ్ళలో ఆ వీధిలో ఒకరి తిండికి ఇంకొకరు వంక పెట్టడం అదే మొదలు. బంగారమ్మ చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని, రసం మోచేతులమ్మట కారుతుంటే, పడీపడీ నవ్వింది. తరవాత ఒక అంచుముక్క కోసి గోడ మీంచి తోడికోడలికి అందించింది.