అగ్గి తెగులు మోసుకొచ్చిన యాత్రికుడు

"మనిషి పేరు మెర్సర్. చైనా పల్లెల మీద పుస్తకం రాస్తున్నానంటాడు. నిజానికి విదేశీ ముఠా ఏజెంట్. సామానులో వరిని మాడ్చేసే అగ్గి తెగులు తెస్తున్నాడు," అన్నాడు చీఫ్.

ఛూ హాన్‌లిన్ ఉలిక్కిపడ్డాడు. వరి పండే ఊళ్లో పుట్టినవాడికి ఆ మాట బాంబు కన్నా పెద్దది.

"టార్గెట్, హునాన్‌లోని విత్తన క్షేత్రం. వచ్చే ఏడాది మూడు జిల్లాల్లో చల్లేది ఆ వడ్లే. నువ్వు వాడి ట్రాక్టర్ డ్రైవర్ వేషంలో వెళ్లు. సరుకు బయటికి తీసేదాకా వాడి మీద చెయ్యి పడకూడదు. వాడి ఫోటోగ్రాఫర్ వెరా మన డబుల్ ఏజెంట్. ఆవిడ గొడుగు విప్పితే, అదే సిగ్నల్."

దారి పొడుగునా మెర్సర్ టేప్‌రికార్డర్‌లో ఇంగ్లీషులో వాగుతూనే ఉన్నాడు. "ఈ జనానికీ గేదెలకీ ఒకటే తేడా. గేదెలు మాట్లాడవు."

డ్రైవర్‌కు ఇంగ్లీషు రాదనుకున్నాడు. హాన్‌లిన్ పళ్లు కొరుక్కుంటూ స్టీరింగ్ తిప్పాడు.

ఊళ్లో పెంగ్ అవ్వ తీపి బియ్యపు కల్లులో ఉడికించిన గుడ్లు తెచ్చింది. "తిను నాయనా! మీ దేశంలో అన్నం పెట్టరా ఏం, పుల్లలా ఉన్నావు?"

మెర్సర్ వాసన చూసి, గిన్నె పందుల తొట్టిలో బోర్లించాడు.

అవ్వ ముఖం నల్లబడింది. "పోనీలే, పందికైనా రుచి తెలిసింది!"

హాన్‌లిన్ కళ్లు ఎర్రబడ్డాయి. అయినా కదల్లేదు. ఆర్డర్ అలాంటిది.

ఫోటో నెపంతో మెర్సర్ విత్తన మడి గట్టెక్కాడు. కెమెరా స్టాండు కాలు మర తిప్పి, గాజు గొట్టం పైకి లాగాడు.

వెరా ఎర్ర గొడుగు విచ్చుకుంది.

హాన్‌లిన్ దూకాడు. మెర్సర్ గొట్టాన్ని మడిలోకి విసిరాడు. వెరా గొడుగు తిరగేసి చాచింది. నీటికి జానెడు ఎత్తున గొట్టం గొడుగులో పడింది, పగలకుండా.

"గేదె మాట్లాడుతోంది, విను!" హాన్‌లిన్ ఇంగ్లీషులో గర్జించాడు. "కరువులో ఆ అవ్వ ఇద్దరు బిడ్డలు ఆకలితో పోయారు. ఆమె చేతి తిండి పారబోసి, మళ్లీ కరువు తెస్తావురా?"

పిడికిలి లేచింది.

సాయంత్రం వైర్‌లెస్‌లో చీఫ్ అడిగాడు. "నష్టం?"

"రెండు పళ్లు సార్. మెర్సర్‌వి."

"ఎలా?"

"గట్టు మీద జారిపడ్డాడు."

"గట్టు తడిగా ఉందా?"

"లేదు సార్. పొడిగానే ఉంది."

"రిపోర్టులో తడి అని రాయి."